టెక్ సందేహాలు: యాప్ నేర్పిన ముడి ఎందుకు తెగుతోంది?

ఫోను వేడెక్కుతోందనీ, స్టోరేజీ నిండిపోయిందనీ వచ్చే ఉత్తరాల మధ్య ఈసారి గాలం వేసేవాళ్ల సందేహాలు చేరాయి. యాప్ ఉంది, వీడియో ఉంది, చాట్‌బాట్ ఉంది, డిజిటల్ కాటా కూడా ఉంది. అయినా చేప దారం తెంచుకుని పోతోందని వారి గోడు. ఉత్తరాలన్నిటిలోనూ ఉన్న సరుకు ఒకటే, ఫ్లోరోకార్బన్ దారం. అందుకే ఈ విడత వారికే కేటాయించాను. వైఫై బాధితులు మన్నించాలి.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున రాళ్ల మీద నుంచి గాలం వేస్తాను. ఇన్నాళ్లూ నైలాన్ దారమే వాడాను. ఇటీవల 12 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం కొన్నాను. ముడుల యాప్ చూసి క్లించ్ ముడి వేస్తే, కాస్త గట్టిగా లాగగానే కొక్కెం దగ్గర తెగుతోంది. తప్పు యాప్‌దా, దారానిదా?

రెండింటిదీ కాదు. యాప్ మీకు ముడి ఆకారాన్ని చూపిస్తుంది. దాన్ని ఎంత నిదానంగా బిగించాలో బొమ్మలో తెలియదు. ఫ్లోరోకార్బన్‌తో సగం పని ఆ బిగింపులోనే ఉంది.

ముందు సరుకు సంగతి. ఇది పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనే ప్లాస్టిక్, పొట్టిగా పీవీడీఎఫ్. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో గాలపు దారంగా దీన్ని తెచ్చింది. సీగార్ అన్న దారం బ్రాండు ఆ సంస్థదే. కాంతి ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33 అయితే దీనిది 1.42, నైలాన్‌ది 1.5 పైమాటే. నీళ్లలో ఇది తక్కువగా కనిపించడానికి కారణం అదే. నైలాన్ నీళ్లు పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది, ఇది పీల్చదు. రాళ్ల రాపిడినీ నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి మీరు గాలం వేసే చోటికి మీరు కొన్నది తగిన సరుకే.

అయితే రాయి దగ్గర పనికొచ్చే ఆ గట్టిదనమే ముడి దగ్గర బెడద. నైలాన్ మెత్తనిది, బిగించేకొద్దీ చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి. ఫ్లోరోకార్బన్ ఒదగదు. ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికి అడ్డంగా ఎక్కిందంటే, బరువు పడినప్పుడు పైది కిందిదాన్ని నొక్కి కోసేస్తుంది. మామూలు క్లించ్ ముడిలో సరిగ్గా కొక్కెం కన్ను పక్కన ఇదే జరుగుతుంది. దీనికి తోడు వేడి. పొడి ముడిని ఒక్క ఊపున లాగితే రాపిడి వేడి ఆ చిన్న చోటనే నిలిచిపోతుంది. నైలాన్ 6 కరగాలంటే దాదాపు 220 డిగ్రీల సెల్సియస్ కావాలి, పీవీడీఎఫ్‌కు 170 ప్రాంతం చాలు. పూర్తిగా కరగనక్కర లేదు, కాస్త మెత్తబడి సాగినా బలం పోయినట్టే. పైకి ముడి ముచ్చటగానే ఉంటుంది. దాని పైన ఉన్న అర అంగుళం దారం మాత్రం నలిగి, తెల్లబారి, ఉంగరాలు తిరిగి కనిపిస్తుంది. అలా కనిపిస్తే మొహమాటపడకుండా కత్తిరించి మళ్లీ కట్టండి.

మీ చేతిలోని ఫోను ఇక్కడే అక్కరకు వస్తుంది, యాప్ వల్ల కాదు, కెమెరా వల్ల. మాక్రో ఉంటే సరే, లేకపోతే మామూలు కెమెరాలోనే జూమ్ పెంచి, తెగిన కొసను దగ్గరగా ఫొటో తీయండి. కొస పంది తోకలా సుళ్లు తిరిగి ఉంటే అది తెగలేదు, ముడి జారి ఊడిపోయింది. చుట్లు చాలలేదు, లేదా మిగిల్చిన కొస మరీ పొట్టి. కొస నిటారుగా, మొద్దుగా తెగి ఉంటే ముడి తనను తాను కోసుకుంది, లేదా బిగించేటప్పుడే వేడికి పాడైంది. ముడికి దూరంగా తెగి, అక్కడ దారం గరుకుగా ఉంటే నేరం రాయిది. ఈ మూడు రకాలకూ మందులు వేర్వేరు. కొసను చూడకుండా ముడి మార్చేవాళ్లు వారానికో కొత్త ముడి నేర్చుకుంటూనే ఉంటారు.

మీకు నా సలహా యూనీ ముడి. దారం కొసను కొక్కెం కన్నులోంచి దూర్చి, ఒక జానెడు వెనక్కి లాగి, అసలు దారం పక్కనే సమాంతరంగా ఉంచండి. ఆ కొసను మళ్లీ కన్ను వైపు మడిస్తే ఒక ఉచ్చు ఏర్పడుతుంది. ఇప్పుడు కొసను ఆ ఉచ్చులోంచి పోనిస్తూ, జంటగా ఉన్న రెండు దారాల చుట్టూ ఐదుసార్లు తిప్పండి. మరీ లావు దారమైతే మూడు నాలుగు చాలు, ఎక్కువ చుట్లు వేస్తే అవి సమంగా బిగుసుకోవు. కొసను మెల్లగా లాగి చుట్లు వరుసగా కూర్చున్నాయో లేదో చూడండి. అప్పుడు ముడిని నీళ్లలో ముంచండి, లేదా నోట తడిపినా సరే. తరువాత అసలు దారాన్ని పట్టుకుని, ఆగకుండా, కుదపకుండా లాగుతూ ముడిని కన్ను దాకా జరపండి. చివరగా ఒక గట్టి లాగుడు, రెండు మూడు మిల్లీమీటర్ల కొస వదిలి కత్తిరింపు.

పాలోమార్ ముడి ఇంకా బలమైనదని మీ స్నేహితులు అనవచ్చు. చక్కగా కట్టినప్పుడు అది నిజమే. కానీ అందులో జంట దారం వాడతారు, ఆ రెండు పోగులూ పక్కపక్కనే పడుకోవాలి. చీకట్లో, అలల తుంపరలో, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడటం అందరి వల్లా కాదు.

నేను ఎడమచేతి వాటం. వీడియోల్లో అందరూ కుడిచేతితో కడతారు. చూస్తూ కట్టబోతే చేతులు మెలిక పడుతున్నాయి. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉందా?

కొత్తది కొననక్కర లేదు. వీడియో ఫైలు మీ కంప్యూటర్‌లో ఉంటే ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరవండి. టూల్స్ మెనూలో ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, అందులో వీడియో ఎఫెక్ట్స్, ఆపైన జామెట్రీ. అక్కడ ట్రాన్స్‌ఫార్మ్‌కు టిక్ పెట్టి, అడ్డంగా తిప్పే ఫ్లిప్ ఎంచుకుంటే బొమ్మ అద్దంలో చూసినట్టు మారిపోతుంది. అలా తిరగేసి కట్టిన ముడికి బలం ఏమీ తగ్గదు.

యూట్యూబ్‌లోనే చూస్తుంటే వేగాన్ని 0.25కు తగ్గించండి. కంప్యూటర్‌లో అయితే వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళుతుంది. కొస పైనుంచి పోయిందా కిందనుంచి పోయిందా అన్న తగువు అక్కడ తీరిపోతుంది. ఇంకొక మాట. మొదట ఫ్లోరోకార్బన్‌తో కాకుండా లావుపాటి నైలాన్ తాడుతో, తాళంచెవి రింగుకు కట్టి చేయి తిప్పుకోండి. పారదర్శకమైన సన్న దారంతో నేర్చుకోబోతే కళ్లు మండటమే మిగులుతుంది.

హైదరాబాద్ నుంచి. నా ముడి ఎన్ని కిలోలు ఆపుతుందో కొలవాలని సామాను తూచే డిజిటల్ కాటా తెప్పించాను. ముడి తెగేలోపు అంకె నిలవడం లేదు. బ్లూటూత్ ఉన్న కాటా కొంటే పని జరుగుతుందా?

బ్లూటూత్ మీ అంకెను ఫోనుకు చేరవేస్తుంది తప్ప దాన్ని సరిచేయదు. ఈ కాటాలు వేలాడే పెట్టె కోసం చేసినవి. బరువు కదలకుండా నిలిచాకే అంకెను పట్టి ఉంచుతాయి. ముడి తెగే క్షణంలో నిలకడ ఎక్కడిది? గరిష్ఠ బరువును గుర్తుంచుకునే పీక్ హోల్డ్ సదుపాయం ఉన్న కాటా అయితే వేరే సంగతి. లేదంటే కాటా తెర మీద ఫోను పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీసి, తెగడానికి ముందు చివరి అంకె చదవవచ్చు. అయినా తెర సెకనుకు కొన్నిసార్లే మారుతుంది కాబట్టి, మీరు వేగంగా లాగితే ఆ అంకెకు విలువ లేదు.

నా ఓటు ఇంట్లో ఉన్న బకెట్‌కే. కొక్కేన్ని కిటికీ ఊచకు తగిలించండి. దారం రెండో కొసకు ముడి వేయకండి. బకెట్ పిడికి గుడ్డ చుట్టి, దాని మీద దారాన్ని పది పన్నెండు చుట్లు చుట్టి టేపు అంటించండి. లేకపోతే తెగేది పై ముడో కింది ముడో తెలియకుండా పోతుంది. బకెట్ నేలకు ఒక అంగుళం ఎత్తులో వేలాడాలి. ఇక లీటరు మగ్గుతో నిదానంగా నీళ్లు పోయండి. లీటరు నీళ్లంటే కిలో, దానికి ఖాళీ బకెట్ బరువు కలుపుకోవడమే. దారం పెట్టె మీద రాసిన 12 పౌండ్లంటే 5.4 కిలోలు, 8 పౌండ్లంటే 3.6 కిలోలు. తెగినప్పుడు దారం, కొక్కెం ఎటైనా ఎగరవచ్చు, కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఒకే ముడిని కొన్నిసార్లు కట్టి చూడండి. చాలామంది అన్నిటికంటే పెద్ద అంకె రాసుకుని సంబరపడతారు. మీరు అన్నిటికంటే చిన్న అంకెను రాసుకోండి. చేప పడే రోజున మీరు కట్టే ముడి ఏది అవుతుందో ముందే తెలియదు కదా. ఒక ముడి ఒకసారి ఐదు కిలోలు, ఇంకోసారి రెండున్నర ఆపుతుంటే, ప్రతిసారీ నాలుగు ఆపే ముడే మేలు.

చాట్‌బాట్‌ను ఎఫ్‌జీ ముడి ఎలా కట్టాలని అడిగితే పన్నెండు మెట్లు రాసిచ్చింది. ఎంత కట్టినా జారిపోతోంది.

జారదా మరి! చాట్‌బాట్ వాక్యాలు నమ్మకంగా ఉంటాయి. ముడి మాత్రం పైనా కిందా, కుడీ ఎడమా అన్న క్రమంలో ఉంటుంది. ఆ క్రమంలో ఒక్క మాట తారుమారైనా ముడి ముడి కాదు, చదివితే ఆ తప్పు కనిపించదు. చేతిపనిని అక్షరాల్లో నేర్చుకోవద్దు, వీడియో చూడండి.

ఎఫ్‌జీ మాత్రం నేర్చుకోదగ్గదే. సన్నని పోగులు అల్లి చేసిన బ్రెయిడ్ దారానికి, కొక్కెం వైపు ఉండే ఫ్లోరోకార్బన్ ముక్కను, అంటే లీడర్‌ను, కలిపే ముడి ఇది. ఇందులో ఫ్లోరోకార్బన్ వంగనే వంగదు. అది నిటారుగా ఉంటే బ్రెయిడ్ దాని చుట్టూ అటొకసారి ఇటొకసారి, సుమారు ఇరవై చుట్లు అల్లుకుని కరిచి పట్టుకుంటుంది. వంపు లేదు కాబట్టి తనను తాను కోసుకునే సమస్యా లేదు. సన్నగా ఉండటంతో రాడ్ కడియాల్లోంచి తగలకుండా జారుతుంది. రహస్యమంతా బ్రెయిడ్‌ను ఎప్పుడూ బిగుతుగా పట్టి ఉంచడంలో ఉంది, వదులైతే మీకు జరిగినట్టే జారుతుంది. పడవలో ఊగుతూ కట్టాల్సి వస్తే దీన్ని పక్కన పెట్టి రెండు యూనీ ముడులను ఎదురెదురుగా కట్టి కలపండి. బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, ఫ్లోరోకార్బన్ వైపు నాలుగైదు.

డల్లాస్‌లో ఉంటాం. లూయిస్‌విల్ సరస్సులో బాస్ చేపల కోసం వెళుతుంటాం. స్పిన్నింగ్ రీల్ నిండా ఫ్లోరోకార్బన్ చుట్టాను, విసిరినప్పుడల్లా చుట్లు చుట్లుగా బయటికి ఉరుకుతోంది. కంప్యూటర్ బ్రేకు ఉన్న రీల్ కొంటే పోతుందా?

పోదు. షిమానో డీసీ లాంటి రీల్‌లలో చిన్న మైక్రోకంప్యూటర్ ఉన్న మాట నిజం. దానికి బ్యాటరీ లేదు, తిరిగే స్పూల్ నుంచే విద్యుత్తు పుడుతుంది. కొన్ని మోడళ్లలో బ్రెయిడ్‌కు ఒకటి, ఫ్లోరోకార్బన్, నైలాన్‌లకు ఒకటి అంటూ విడివిడి అమరికలు కూడా ఉన్నాయి. కానీ అవన్నీ స్పూల్ తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీల్‌లు. మీ స్పిన్నింగ్ రీల్‌లో విసిరినప్పుడు స్పూల్ తిరగదు, కంప్యూటర్‌కు అక్కడ పని లేదు.

ఫ్లోరోకార్బన్ బిరుసు, చుట్టిన ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రీల్‌కు బ్రెయిడ్ చుట్టి, చివర రెండు మీటర్ల ఫ్లోరోకార్బన్ లీడర్ కట్టండి. ఖర్చూ తగ్గుతుంది. నీటి మీద తేలే ఎరకు మాత్రం వద్దు, నీటి సాంద్రత 1 అయితే ఫ్లోరోకార్బన్‌ది 1.78, దారం మునిగి ఎర ముక్కును కిందికి లాగుతుంది. మన దగ్గర కప్ప ఎరతో కొరమీను పట్టేవాళ్లకూ ఇదే మాట, వారికి నేరుగా బ్రెయిడ్ చాలు. పండుగప్పకు అయితే లావు లీడర్ ఉండాల్సిందే, దాని మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చాలా చవకగా "ఫ్లోరోకార్బన్" దొరుకుతోంది. అసలుదేనా అని ఎలా తెలుసుకోవాలి?

పెట్టె మీద "కోటెడ్" అని చిన్న అక్షరాల్లో ఉందేమో వెతకండి. ఉంటే అది పైపూత పూసిన నైలాన్. లేకపోయినా అనుమానం ఉంటే వంటింటి పరీక్ష ఉంది. మామూలు నీళ్లలో నైలాన్ కూడా మునుగుతుంది కాబట్టి వాటితో తేడా తెలియదు. గ్లాసు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలపండి, ఆ నీటి సాంద్రత 1.2 దాకా చేరుతుంది. దారం ముక్కను వేసి, గాలి బుడగలు అంటుకోకుండా చెంచాతో లోపలికి నొక్కి వదలండి. నైలాన్ సాంద్రత 1.14, పైకి తేలుతుంది. అసలు ఫ్లోరోకార్బన్ నేరుగా అడుగుకు పోతుంది. పూత పూసినది తేలుతుంది, లేదా దిగాలా వద్దా అన్నట్టు తచ్చాడుతుంది.

లైటరుతో కాల్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. పీవీడీఎఫ్ కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. ముడి కొసను కాల్చి మొద్దు చేసే అలవాటు ఉన్నవాళ్లకూ ఇదే హెచ్చరిక. పైగా ఆ వేడి ముడికీ తగులుతుంది. గోళ్లు కత్తిరించుకునే కట్టరు పెట్టుకోండి, కత్తిరించిన ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. ఎండకూ నీటికీ చెక్కుచెదరని సరుకు ఇది, ఒడ్డున వదిలితే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.