నెవాడా ఎడారిలో ఒంటరిగా వెళ్లేవారు ముందు స్టెప్నీ చూసుకోవాలి

అమెరికా పడమటి ఎడారుల్లో పెద్ద రహదారులు వదిలి, చిన్న రోడ్ల మీద ఒక్కరే కారులో తిరగడం క్షేమమేనా అని అడిగారు. క్షేమమే. నేను నాలుగేళ్లుగా ప్రతి అక్టోబరులోనూ కాలిఫోర్నియా నుంచి బయలుదేరి ఒక్కడినే నెవాడా వెళ్లి వస్తున్నాను. ఈ మాట చెప్పగానే మనవాళ్లకు తుపాకులు, పాములు, దొంగలు గుర్తొస్తారు. నాకు మాత్రం స్టెప్నీ గుర్తొస్తుంది.

నెవాడాను అడ్డంగా దాటే 50వ నంబరు రహదారిని 1986లో లైఫ్ పత్రిక అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డుగా పేర్కొన్నది. ఆ రాష్ట్రంవారు నొచ్చుకోవడానికి బదులు ఆ పేరునే బోర్డులకెక్కించి, దారిలోని ఊళ్లలో ముద్రలు వేయించుకొనే చిన్న పుస్తకమొకటి అచ్చువేసి, పర్యాటకులను రప్పించుకుంటున్నారు. నన్నడిగితే అది అంత ఒంటరి రోడ్డేమీ కాదు, కాసేపు ఆగితే ఎవరో ఒకరు వస్తారు. అసలైన ఒంటరితనం దాని నుంచి దక్షిణానికి చీలిపోయే కంకర రోడ్ల మీద ఉంటుంది.

మూడో ప్రయాణంలో ఆస్టిన్ అనే చిన్న ఊళ్లో ట్యాంకు నింపించుకొని, టోకీమా, మానిటర్ అనే రెండు కొండల వరుసల నడుమనున్న మానిటర్ లోయలోకి దిగాను. సముద్రమట్టానికి 6,500 అడుగులకు పైనున్న ఆ లోయలో కనుచూపు మేర బూడిద రంగు సేజ్‌బ్రష్ పొదలు, కంచె లేని మేతభూముల్లో రోడ్డుకు అడ్డంగా నిలబడే ఆవులు తప్ప మరేమీ లేవు. చక్రాల తాకిడికి రోడ్డంతా రేకుల కప్పులాగా అలలు తేలి ఉంది. పళ్లు కదిలిపోతున్నా వేగం తగ్గించకపోవడం నా తప్పే. మధ్యాహ్నం రెండు గంటల వేళ పదునైన రాయి గుచ్చుకొని వెనుక టైరు పక్కభాగం చీలిపోయింది.

ఫోనులో సిగ్నలు లేదు. మెత్తటి నేలలో జాకీ దిగబడిపోతుంటే, ఉల్లిపాయలు తరుక్కోవడానికి తెచ్చుకున్న చెక్కను దాని కింద పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది కాని, నట్లు ఊడలేదు. అంతకు నెల ముందు టైర్లు మార్చిన దుకాణంలో యంత్రంతో వాటిని ఎంత బిగించారంటే, స్పానరు మీదెక్కి నిలబడినా ఒక్కటీ కదలలేదు. చేతులతో ఒకసారి సరిచూడండని అడిగినందుకు ఆ రోజు అక్కడివారు నవ్వారు.

గంటన్నర తరువాత దుమ్ము లేపుకుంటూ ఒక పికప్ వచ్చింది. అందులో ఒక ముసలి పశువుల రైతు, వెనుక రెండు కుక్కలు. ఆయన నా పేరు గాని ఊరు గాని అడగలేదు. నీళ్లెన్ని ఉన్నాయని అడిగాడు. ఇరవై లీటర్లని చెప్పాక కాస్త మెత్తబడి, బండిలోంచి నాలుగడుగుల ఇనుప గొట్టం తీసి స్పానరుకు తొడిగి నొక్కాడు. ఐదు నట్లూ ఐదు నిమిషాల్లో ఊడాయి. గంటకు 50 మైళ్లు మించకూడని ఆ బక్క స్టెప్నీ బిగించి నేను మెల్లగా బయలుదేరితే, బెల్మాంట్ దాకా ఆయన నా వెనుకే వచ్చాడు. వెండి గనుల కాలంలో జిల్లా కేంద్రంగా ఉండి, 1876 నాటి ఇటుకల న్యాయస్థాన భవనం మిగిలిన పాడుబడ్డ ఊరది. తారురోడ్డు అక్కడ మొదలవుతుంది. మరో 45 మైళ్లు పోయి టోనోపా చేరేసరికి చీకటి పడింది. నా సైజు టైరు తెప్పించడానికి అక్కడే రెండు రాత్రులు ఉండాల్సి వచ్చింది.

అందుకే ఈమధ్య కొత్త కార్లను చూస్తే ఒళ్లు మండుతుంది. చాలావాటిలో స్టెప్నీయే ఉండదు. దాని బదులు ఒక జిగురు సీసా, చిన్న గాలి పంపు ఇస్తారు. మేకు దిగితే ఆ జిగురు పనికొస్తుందేమో గాని, పక్క చీలిన టైరును అది కాపాడలేదు. వేలు పోసి తెరలు, కెమెరాలు కొనుక్కొనేవారు డిక్కీ మూత ఎత్తి ఒక్కసారైనా చూడరు.

మీరు తప్పక వెళ్లండి. మ్యాపు ముందే ఫోనులోకి దించుకొని, కాగితం మ్యాపు కూడా దగ్గర ఉంచుకోండి. సగం ట్యాంకు అయ్యేలోపు ఏ బంకు కనబడినా ఆగండి. వాన పడితే కంకర రోడ్డు జోలికి పోకండి. నా డిక్కీలో ఇప్పుడు పూర్తి సైజు స్టెప్నీ, నాలుగడుగుల గొట్టం ఉన్నాయి. కూరగాయల సంచీ పట్టడం లేదని మా ఆవిడ ప్రతి శనివారం సణుగుతూనే ఉంటుంది.