జాబితా ఫైల్‌లో చివరి పేరు వదిలిపోవడం, ఉన్న ఫైళ్లను షెల్ లేవనడం

మీరు వైల్ రీడ్ లూప్‌తో (ఫైల్‌ను ఒక్కో లైన్‌గా చదివే లూప్‌తో) పేర్ల జాబితాను చదువుతుంటే చివరి పేరు వదిలిపోతోందని, కళ్లెదుట ఉన్న ఫైళ్లను కూడా షెల్ (మనం ఇచ్చే ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) లేవంటోందని రాశారు. రకరకాల కంప్యూటర్ల నుంచి వచ్చే జాబితాల ఆధారంగా బ్యాకప్ తీసే స్క్రిప్టులను నేను చాలాకాలంగా చూసుకుంటున్నాను. ఈ రెండు చిక్కులూ తరచూ కలిసే వస్తాయి కానీ వాటి కారణాలు వేరు.

ముందుగా స్క్రిప్టును ముట్టుకోకుండా, ఓడీ ఆదేశానికి హైఫన్ సీ ఇచ్చి ఫైల్‌లోని బైట్లను చూడండి. ఫైల్‌ను తెరపై చూపే క్యాట్ ఆదేశాన్ని బట్టి ఏదీ తేల్చుకోలేము. లైన్ చివర బ్యాక్‌స్లాష్ ఎన్‌కు (న్యూలైన్ గుర్తుకు) ముందు బ్యాక్‌స్లాష్ ఆర్ కూడా కనిపిస్తే, అది విండోస్ పద్ధతిలో సేవ్ అయిన ఫైల్. లైనక్స్‌లో లైన్‌ను ముగించేది 10 విలువ గల బైటు ఒక్కటే కాగా, విండోస్‌లో దానికి ముందు 13 కూడా ఉంటుంది. షెల్‌కు ఆ 13 మామూలు అక్షరమే కాబట్టి అది పేరుకు అతుక్కుని, అసలు లేని మరో పేరుగా మారుతుంది. పైగా టెర్మినల్‌లో అది కర్సర్‌ను లైన్ మొదటికి లాగుతుంది కనుక, ఎర్రర్ సందేశంలో పేరు తర్వాతి భాగం ముందు భాగం మీదే అచ్చవుతుంది. సందేశం అలా మొదలు చెరిగిపోయి కనిపించినప్పుడల్లా నేను మొదట అనుమానించేది ఈ బైటునే.

ఇక చివరి పేరు సంగతి. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఆధారమైన పోసిక్స్ ప్రమాణం ప్రకారం న్యూలైన్‌తో ముగిసినదే లైన్. చివర న్యూలైన్ లేకపోతే రీడ్ ఆ పేరును వేరియబుల్‌లో నింపుతుంది, కానీ ఫైల్ అయిపోయింది కాబట్టి విఫలమైనట్టు తెలుపుతుంది; పేరు చేతిలో ఉండగానే లూప్ ఆగిపోతుంది. లైన్లను లెక్కించే డబ్ల్యూసీ హైఫన్ ఎల్ ఆదేశం కూడా అలాంటి ఫైల్‌లో ఒక లైన్ తక్కువే చూపుతుంది. అందుకే వైల్ షరతులో రీడ్ తర్వాత రెండు నిలువు గీతలు (‘లేదా’ అని అర్థం) పెట్టి, వేరియబుల్ ఖాళీగా లేదేమో చూసే పరీక్షను చేర్చండి.

అదే చోట రీడ్‌కు ముందు ఐఎఫ్ఎస్‌ను (పదాలను విడదీసే అక్షరాలను చెప్పే వేరియబుల్‌ను) ఖాళీగా ఉంచితే పేర్లకు ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు పోవు. రీడ్‌కు హైఫన్ ఆర్ ఇస్తే పేర్లలోని బ్యాక్‌స్లాష్‌లు మాయం కావు. లూప్‌లోకి రాగానే, వేరియబుల్ చివర 13 బైటు ఉంటే విలువ చివరి భాగాన్ని కత్తిరించే షెల్ శాతం గుర్తు ప్రయోగంతో తీసేయండి. మూల ఫైల్‌ను దిద్దడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రేపు వచ్చే జాబితా కూడా ఇలాగే ఉండవచ్చు.

మొదటి పేరు ఒక్కటే తప్పుతుంటే, ఫైల్ ఆరంభంలో 239, 187, 191 అనే మూడు బైట్ల బీఓఎం (కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట చేర్చే కనిపించని గుర్తు) ఉందేమో చూడండి. మొదటి పేరు తర్వాత లూప్ ఆగిపోతుంటే మాత్రం, లోపల నడిచే ఎస్ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఆదేశం) లాంటి ఆదేశం మిగతా జాబితాను తన ఇన్‌పుట్‌గా చదివేస్తోందేమో చూసుకోవాలి. ఎస్ఎస్‌హెచ్ అయితే హైఫన్ ఎన్ ఇస్తే సరిపోతుంది.