మూలకణాల పరిశోధన మీద ఇంత వివాదం ఎందుకు?

1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం ఐవీఎఫ్‌లో (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతిలో) మిగిలిన పిండాల నుంచి మూలకణాలు తీసి ల్యాబ్‌లో పెంచింది. అవి గుండె, నరం, ఇలా ఏ కణంగానైనా మారగలవు. కానీ వాటిని తీస్తే పిండం నాశనమవుతుంది. అదీ ప్రాణమే కదా అన్నదే అసలు అభ్యంతరం. 2006లో జపాన్‌లో షిన్యా యమనాకా, ఎలుక చర్మకణాలకు నాలుగు జన్యువులు చేర్చి అలాంటి కణాలనే తయారుచేశారు. దాంతో గొడవ చాలావరకు చల్లబడింది.

పెద్దవాళ్ల ఒంట్లోని మూలకణాలతో ఈ పేచీ లేదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చేసే చికిత్సే చూడండి. సున్నమో యాసిడో పడి ఒక కన్ను దెబ్బతింటే, బాగున్న కంటి నల్లగుడ్డు అంచు నుంచి, మూలకణాలుండే చోటు నుంచి, చిన్న ముక్క తీస్తారు. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై గ్లూతో అతికిస్తారు. అక్కడి నుంచి కణాలు పెరిగి కొత్త పొర కమ్ముకుంటుంది. ఎంత గొప్ప సంగతి!

నన్ను బాధపెట్టేది మూలకణాలతో ఆటిజం నయం చేస్తామంటూ తల్లిదండ్రుల దగ్గర లక్షలు గుంజే క్లినిక్‌లు. క్లినికల్ ట్రయల్‌లో (మనుషుల మీద పద్ధతి ప్రకారం జరిపే పరీక్షలో) తప్ప ఆటిజానికి ఈ చికిత్స చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. ట్రయల్ అయితే డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా ఫీజు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.