హైదరాబాద్‌లో ఉంటున్న మనమంతా వలసదారులమేనా?

జనగణన లెక్కలో అయితే చాలామందిమి అవును. పుట్టిన ఊరు గానీ, ఇంతకుముందు ఉన్న ఊరు గానీ వేరైతే చాలు, వలసదారు కింద రాసేస్తారు. అందుకే అడ్డా కూలీ, ఐటీ ఉద్యోగి, అత్తారింటికి వచ్చిన కోడలు ఒకే గంపలో పడతారు. వలస అనగానే మనకు మూటాముల్లె గుర్తొస్తాయి గానీ, 2011 జనగణనలో దేశం మొత్తమ్మీద ఎక్కువమంది చెప్పిన కారణం పెళ్లి!

ఇక పుస్తకాల్లో ఉండే 'నెట్టే కారణాలు, లాగే కారణాలు' సంగతి. పొద్దున ఏడింటికి అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడ్డ పాలమూరు కూలీని అడగండి. ఎండిన బోరు ఊరి నుంచి నెట్టింది, రోజుకూలి ఇటు లాగింది. మరి ఈ బస్తీకే ఎందుకొచ్చావంటే, ముందే వచ్చిన బావమరిది పేరు చెబుతాడు. అది గొలుసు వలస. నన్నడిగితే నగరాన్ని పేటలుపేటలుగా నింపేది ఇదే.

ప్రతి వలస ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఉంటుందని 1885లో భూగోళ శాస్త్రవేత్త రేవెన్‌స్టైన్ రాశాడు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారు చూసి ఆ ఎదురు ప్రవాహం ఇదేననుకోకండి. పండక్కి వెళ్లి రావడం ప్రయాణమే. సామాను సర్దుకుని ఊళ్లోనే ఉండిపోతే తిరుగు వలస.