ప్రోబయోటిక్ చల్లినా చెరువులో అమ్మోనియా తగ్గడం లేదెందుకు?

ప్రశ్న: ఎకరా చేపల చెరువు, 5 అడుగుల నీరు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఎండెక్కాక కిందికి పోతున్నాయి. కిట్‌తో చూస్తే అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము). డీలర్ చెప్పినట్టు బ్లీచింగ్ చల్లి, మర్నాడే ప్రోబయోటిక్ వేశాను. మూడు ప్యాకెట్లయినా తేడా లేదు. ఇంతకంటే మంచి బ్యాక్టీరియా ఏది?

జవాబు: రకం మార్చి లాభం లేదు. తెల్లవారుజామున తేలి, ఎండ రాగానే సర్దుకుంటున్నాయంటే అది ఆక్సిజన్ కొరత. అమ్మోనియా లేదనను. కానీ దాని దెబ్బ మధ్యాహ్నం ఎక్కువ. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార కొలత) 8 దగ్గర అందులో విషరూపం 7-8 శాతమే. ఎండకు పచ్చనాచు పీహెచ్‌ను 9కి ఎక్కిస్తే అదే 45 శాతం దాకా పోతుంది. అందుకే పీహెచ్‌ను ఇంకా పెంచే గుల్ల సున్నం జోలికి పోవద్దు.

బ్లీచింగ్ చల్లిన మర్నాడే బ్యాక్టీరియా వేయడమేమిటి? ముందురోజు పోసిన మందే దాన్ని చంపింది. రెండూ ఒకే షాపులో, ఒకే రోజు అంటగట్టడం నేను తరచూ చూస్తున్నదే. బ్లీచింగ్ లాంటి శానిటైజర్‌కూ ప్రోబయోటిక్‌కూ మధ్య కనీసం 4 రోజులుండాలి.

ఇంకో సంగతి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు, ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.5 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల క్షారత (పీహెచ్ పడిపోకుండా కాచే కార్బొనేట్ల బలం) కావాలి. చేపలకే ఊపిరాడని నీటిలో అదేం పీల్చి బతుకుతుంది? ప్యాకెట్లలో ఎక్కువగా ఉండే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా తీరు వేరు. బెల్లం లాంటిది అందితేనే అది పెరుగుతూ అమ్మోనియాను లాక్కుంటుంది. మీ చెరువులో 1 పీపీఎం అంటే దాదాపు 6 కిలోల నత్రజని. దానికి 120 కిలోల పిండిపదార్థం కావాలి. రెండు కిలోల బెల్లం కలిపి చల్లితే ఏమవుతుంది? అలాగని ఒక్కసారే పోశారో, ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

ఈ రాత్రి నుంచే 10 గంటల నుంచి ఉదయం 7 వరకు ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆడించండి. మేత 2 రోజులు ఆపి, తర్వాత సగంతో మొదలుపెట్టండి. 28 శాతం ప్రొటీన్ మేత కిలోలో 45 గ్రాముల నత్రజని ఉంటుంది. చేప ఒంటికి పట్టేది తక్కువ, మిగిలిందంతా నీళ్లలోకే. వీలైతే చెరువు అడుగు భాగం నుంచి ఐదో వంతు నీరు తీసి మంచినీరు పెట్టండి. క్షారత 100 పీపీఎం లోపుంటే వ్యవసాయ సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, 50 కిలోలు వేయండి. నాలుగు రోజులయ్యాక ఉదయం 9 గంటలకు, ఏరియేటర్ తిరుగుతుండగా, ప్యాకెట్ మీది మోతాదులో ప్రోబయోటిక్ వేయండి. దాంతో రోజుకు 15 కిలోలకు మించకుండా బెల్లం కరిగించి పోయండి. చేయి నీళ్లలో ముంచినప్పుడు మోచేయి మునిగేలోపే అరచేయి కనబడకుండా పోతే, నాచు ఇంకా ఎక్కువే. ఆ రోజు బెల్లం మానేయండి.

పరీక్షలే అన్నిటికన్నా ముఖ్యం. ఉదయం 5కు ఆక్సిజన్, పీహెచ్. మధ్యాహ్నం 3కు పీహెచ్, అమ్మోనియా. వారం రోజులవి రాసి పంపండి. అవి చూడకుండా ఇంకో మందు పేరు చెప్పను.