మహబూబ్‌నగర్ పిల్లాడు ఐస్ హాకీ ప్రొఫెషనల్ కాగలడా?

అన్నా, మీ బాబుకు పదకొండేళ్లు, రెండేళ్లుగా మహబూబ్‌నగర్‌లో స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు, ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే అతిపెద్ద ఐస్ హాకీ లీగ్) వీడియోలు చూసి ఐస్ హాకీ ప్లేయర్ అవుతానంటున్నాడు, ఆ దారి ఎట్లుంటుంది అని అడిగారు. నేను నల్గొండ వాణ్ని. చిన్నప్పుడు ఎన్జీ కాలేజీ దగ్గరి రోడ్ల మీద నాలుగు చక్రాల స్కేట్లతో తిరిగాను. ప్లేయర్‌ని కాలేదు గానీ, కెనడాలో ఎడ్మంటన్‌లో చదివేటప్పుడు రెండేళ్లు ఒక అరీనాలో పార్ట్‌టైమ్ చేశాను. ఐస్‌ను చదును చేసే జాంబోనీ బండి నడపడం నా పని.

బండి కింది బ్లేడు గరుకు పొరను చెక్కేస్తుంది, వెనక గుడ్డ మీదుగా వేడినీళ్లు పలచగా పరుచుకుంటాయి. చల్లనీళ్లు పోస్తే గీతలు సరిగా పూడవు. మా అమ్మమ్మ వాకిలి అలికినట్టే ఉండేది నాకు. జనవరిలో బయట మైనస్ ముప్పై. పొద్దున ఐదున్నరకు నేను మొదటి రౌండ్ కొట్టేసరికే అద్దం అవతల ఏడెనిమిదేళ్ల పిల్లలు హెల్మెట్లు పెట్టుకొని నిలబడి ఉండేవాళ్లు, తండ్రులు మోకాళ్ల మీద కూర్చొని లేసులు బిగిస్తుండేవాళ్లు. బడికి పోయేలోపు ఒక గంట ఐస్, వారానికి మూడు నాలుగు సార్లు. మీ బాబు పోటీ పడాల్సింది వాళ్లతో. టాలెంట్ సంగతి తర్వాత, ముందు ఆ గంటలు కావాలి.

నాకూ స్కేటింగ్ వచ్చు కదా అని ఒకరోజు ధీమాగా దిగాను. ముందుకు బాగానే పోయాను. ఆగడం రాలేదు! ఐస్ మీద రెండు కాళ్లనూ ఒక్కసారిగా అడ్డం తిప్పి బ్లేడుతో గీరి ఆగాలి. చక్రాల మీద నేర్చుకున్నది అక్కడ పని చేయలేదు. పోయి గోడకు గుద్దుకున్నాను, ఆరేళ్ల పిల్ల వచ్చి "ఆర్ యూ ఓకే" అని అడిగింది.

ఇక కెరీర్ సంగతి. అక్కడ పదహారేళ్లకే మంచి ప్లేయర్లు జూనియర్ లీగ్‌కు ఎంపికై వేరే ఊరికి పోతారు, అక్కడ ఎవరింట్లోనో ఉంటారు. మా సూపర్‌వైజర్ కొడుకు అట్లే పోయాడు. పశ్చిమ కెనడాలోని ఆ లీగ్‌లో సీజన్‌కు 68 మ్యాచ్‌లు, ఊరూరికీ బస్సు ప్రయాణాలు, వాటి మధ్యలోనే చదువు. పద్దెనిమిదేళ్ల వయసుకు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ప్లేయర్లను ఎంచుకోవడం. 32 టీమ్‌లు, 7 రౌండ్లు, అంటే ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 224 మంది. వాళ్లలోనూ చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడరు.

కనీస జీతం 2025-26లో 7,75,000 డాలర్లు అని వినగానే మనవాళ్లకు కళ్లు తిరుగుతాయి. అది పైన ఆడేవాళ్లకు. కింది లీగ్‌కు దించితే జీతం కూడా దిగిపోయేలా రాసుకునే కాంట్రాక్టులు బోలెడు. పంజాబీ కుటుంబం నుంచి వచ్చిన రాబిన్ బావా 1989లో వాషింగ్టన్ టీమ్‌లో అడుగుపెట్టాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి దక్షిణాసియా మూలాల ప్లేయర్. మొత్తం 61 మ్యాచ్‌లు. మిగతా ఏళ్లన్నీ చిన్న లీగ్‌లలోనే గడిచాయి. నన్నడిగితే అదే అసలైన హాకీ కెరీర్, టీవీలో కనిపించేది కాదు. ఇంకో పంజాబీ కుటుంబం కుర్రాడు జుఝార్ ఖైరాను ఎడ్మంటన్ టీమ్ 2012 డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది, అతను మొదటి మ్యాచ్ ఆడింది 2015-16 సీజన్‌లో. వీళ్లిద్దరూ పుట్టింది బ్రిటిష్ కొలంబియాలోనే, ఐస్ పక్కనే. మనదేమో మేలో నలభై నాలుగు డిగ్రీల ఊరు.

ఇండియాలో ఈ ఆటకు అసలు అడ్డా లడఖ్. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. ఆర్మీకి, ఐటీబీపీకి (టిబెట్ సరిహద్దు కాపలా పోలీసు దళం) సొంత టీమ్‌లున్నాయి, అక్కడి కుర్రాళ్లకు ఈ ఆటతో వచ్చే ఉద్యోగం అంటే ఎక్కువగా అదే. మన ఆడపిల్లల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది, ఆ జట్టు కూడా ఎక్కువగా లడఖ్ పిల్లలే. డెహ్రాడూన్‌లో పెద్ద ఐస్ రింక్ ఉంది. అంటే శిక్షణ కోసం మీరు వేల కిలోమీటర్లు పోవాలి, ప్రొఫెషనల్ లీగ్ మాత్రం ఇక్కడ లేదు. అది కావాలంటే కుటుంబమే వలస పోవాలి. దానికోసం పోతానంటే నేనైతే వద్దంటాను.

ఇంకో మాట. మా చిన్నాన్న దగ్గర ఒకాయన "ఇంటర్నేషనల్ సెలెక్షన్ క్యాంప్" అని పద్దెనిమిది వేలు పట్టుకుపోయాడు. క్యాంప్ లేదు, సెలెక్షన్ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సర్టిఫికెట్ చూపించి డబ్బు అడిగేవాళ్లను ఇంటికి రానివ్వకండి.

బాబును మాత్రం ఆపకండి. మామూలు స్కేట్లు పక్కన పెట్టి చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్లు కొనిచ్చి, ఇన్‌లైన్ హాకీ వైపు తిప్పండి. దానికి మన దేశంలో నేషనల్స్ జరుగుతాయి, ఐస్‌కు దగ్గరి ఆట అదే. కొనేటప్పుడు "పెరిగే పిల్లోడు కదా" అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. మా నాన్న అట్లే కొని ముందు భాగంలో దూది కుక్కిచ్చేవాడు. మడమ లోపల ఆడుతూ ఉండేది, నా కుడి చీలమండ ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు టక్కుమంటుంది.