బయోటెక్‌లో చేరితే కిడ్నీల మీద పరిశోధన చేయొచ్చా?

హన్మకొండ నుంచి ఒక తండ్రి: "బిడ్డ బైపీసీ సెకండియర్. మా అమ్మ డయాలసిస్ మీద ఉంది. నాది 'ఏ' గ్రూపు, అమ్మది 'ఓ', కిడ్నీ ఇద్దామన్నా కుదరలేదు. దాత కిడ్నీకి ఎంజైమ్ పట్టించి గ్రూపు మారుస్తారని చదివినప్పటి నుంచి బిడ్డ నీట్ వద్దు, బయోటెక్ అంటోంది. ఏది మంచిది మేడమ్?"

అన్నా, బిడ్డ చదివింది నిజమే. 'ఏ' గ్రూపు కిడ్నీ రక్తనాళాల గోడల మీద ఒక చక్కెర అదనంగా ఉంటుంది. 'ఓ' గ్రూపు వాళ్ల రక్తంలో దాని మీద దాడి చేసే యాంటీబాడీలు ముందే కాచుకుని ఉంటాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు పేగుల్లోని బ్యాక్టీరియా నుంచి దొరికిన ఎంజైమ్‌లతో ఆ చక్కెరను తెంపేశారు. 2025లో వచ్చిన ఫలితం ఇది: చైనాలో బ్రెయిన్‌డెడ్ అయిన వ్యక్తికి, ఇంటివాళ్ల అనుమతితో, అలాంటి కిడ్నీ పెడితే రెండు రోజులు బాగా పనిచేసింది. మూడో రోజు 'ఏ' గ్రూపు గుర్తులు మళ్లీ కనిపించాయి. అంటే అమ్మకు అందడానికి ఇంకా టైముంది. కానీ పేషెంటునే మందులతో సిద్ధం చేసి గ్రూపు కలవని కిడ్నీ పెట్టడం హైదరాబాద్‌లో జరుగుతూనే ఉంది. మీలాంటి మరో కుటుంబంతో దాతలను మార్చుకునే స్వాప్‌కు 2011 చట్ట సవరణ వీలిచ్చింది. నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును, ఈ రెండూ అడిగారా?

బయోటెక్ అంటే మాత్రం నాకు భయం. ఎప్‌సెట్‌తో సీటైతే దొరుకుతుంది. నాలుగేళ్లు చదివీ ఒక్క ఎంజైమ్‌ను చేత్తో శుద్ధి చేయని పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. కాలేజీలో ల్యాబ్ చూడకుండా ఫీజు కట్టకండి. మన వరంగల్ ఎన్ఐటీలో బయోటెక్ ఉంది గానీ అది జేఈఈ సీటు, మ్యాథ్స్ లేకుండా కుదరదు. కిడ్నీ గ్రూపు మార్చిన ఆ ఎంజైమ్‌ల వెనకున్న స్టీఫెన్ విదర్స్ కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా చేసినాయన. బిడ్డకు ఆ పనే కావాలంటే కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. సైన్స్ చదువుకీ పరిశోధనకీ ఉన్న కేంద్ర సంస్థ, తిరుపతి ఐసర్, బైపీసీ వాళ్లనూ తీసుకుంటుంది. నెఫ్రాలజిస్టు కావాలన్నా ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. రెండు దారులూ పొడుగే, రెండింట్లోనూ బతుకుంది.

మీ మీద కోపమొస్తోందన్నా. మీదీ అమ్మదీ బ్లడ్ గ్రూపులు రాశారు, బిడ్డకు ఏ పాఠం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. కిడ్నీ ఇవ్వలేకపోవడం మీ తప్పు కాదు. నాయనమ్మను బతికించే బరువు పదిహేడేళ్ల పిల్ల మోయాల్సిందీ కాదు. ఆ మాట మీ నోటితో చెప్పండి, సగం గుబులు ఇద్దరికీ తగ్గుతుంది. నీట్ రాయనివ్వండి, ఐసర్ ఫారం కూడా నింపించండి. ఈసారి డయాలసిస్‌కు తనను వెంట తీసుకెళ్లండి. అక్కడ తన కళ్లు పేషెంట్ల మీదున్నాయా, రక్తంలో ఏం జరుగుతుందనే దాని మీదున్నాయా చూసి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.